మేకుకు మిగిలిన బిళ్ళ

గోదావరిఖనిలో పాల సెంటరు తెరిచిన మొదటి వారం, పాలు తాగిన పిల్లల కంటే పొడి వాసన చూసి మూతి తిప్పుకుని పోయిన తల్లులే ఎక్కువ. సముద్రం దాటి వచ్చిన పొడి అది. ఆవుదో మేకదో మరింక దేనిదో ఎవరికీ నమ్మకం లేదు. కొందరు తీసుకెళ్లి బర్రెకు కుడితిలో కలిపారు. ఒకావిడ సున్నంలో కలిపి గోడకు కొట్టింది. గోడ తెల్లగానే వచ్చింది గాని ఆ ఏడాదంతా చీమలు ఆ ఇల్లు విడిచిపోలేదు. ఖాళీ సంచులు మాత్రం మొదటి రోజు నుంచే అందరికీ నచ్చాయి. వాటితో పిల్లలకు లాగులు కుట్టించారు. 1967 ఎండాకాలం నాటికి కాలనీలో సగం మంది పిల్లల పిర్రల మీద, ఇది ఉచిత దానం, అమ్మరాదు అని ఇంగ్లీషులో రాసి ఉండేది.

ఆ పాలు కలిపే పని సుసన్నాది. పొద్దున నాలుగున్నరకు పొయ్యి వెలిగించడం, గుండిగలో నీళ్లు మరగబెట్టడం, పొడి ఉండకట్టకుండా తెడ్డుతో తిప్పడం, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలకు గ్లాసులతో పోయడం. తోడు హబీబున్నీసా అని ఒకామె ఉండేది. ఆమె భర్త గని దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు. ఇద్దరికీ చదువు లేదు. ఇద్దరికీ నోరుంది. ఇద్దరి జీతం కలిపినా సంఘం వారు ఏటా వేయించే క్యాలెండర్ల ఖర్చుకు సరిపోయేది కాదు.

సంఘం చిన్నదేం కాదు. ప్రపంచంలోని పిల్లలందరినీ బతికించడానికే పుట్టింది. దాని పూర్తి పేరు చెప్పాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి కాబట్టి ఊళ్లో వాళ్లు పాల సంఘం అని ఊరుకున్నారు. దాని పెద్దలు సముద్రం అవతల ఉంటారు, చిన్న పెద్దలు హైదరాబాదులో ఉంటారు. గోదావరిఖనికి వచ్చేసరికి ఆ గొప్పతనమంతా మత్తయి గారి భుజాల మీద వాలింది. ఆయన కరీంనగర్‌లో ఏదో కచేరీలో హెడ్ గుమాస్తాగా చేసి, రిటైరై, కొడుకు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఇంగ్లీషు ఉత్తరం రాయడంలో దిట్ట. చుక్కలూ కామాలూ ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలిసినంతగా, పాలు ఎన్ని గంటలకు పోస్తారో తెలియదు. టిఫిన్ చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటరుకు వచ్చేసరికి పదకొండయ్యేది. అప్పటికి పిల్లలు ఇళ్లకు పోయి, గుండిగ తోమి బోర్లించి ఉండేది. ఆయన కుర్చీలో కూర్చుని గోడ వైపు చూసేవారు. గోడకు బోర్డు ఉంది. బోర్డుకు మేకులున్నాయి. మేకులకు బిళ్ళలున్నాయి.

ఆ బోర్డు సుసన్నా పెట్టింది. అది ఆమె బుర్రలో పుట్టింది కాదు, పుట్టింట్లో పుట్టింది.

ఆమె తండ్రి యోహాను పాత గనుల వైపు పని చేసేవాడు. గనిలోకి దిగేవాడు ముందు దీపాల గది దగ్గర తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను బోర్డు మీద మేకుకు తగిలిస్తారు. పైకొచ్చి దీపం తిరిగిచ్చినప్పుడు బిళ్ళ తీసి చేతిలో పెడతారు. షిఫ్టు అయ్యేసరికి బోర్డు ఖాళీ అయిందంటే అందరూ పైకొచ్చినట్టు. ఒక్క బిళ్ళ వేలాడుతుందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్న మాట. యోహాను బిళ్ళ ఒకరోజు మేకుకు మిగిలింది. దీపాల గదిలో ఉన్నవాడు అది చూశాడు. మరిచిపోయి ఇంటికి పోయి ఉంటాడులే అనుకుని, తనూ ఇంటికి పోయి అన్నం తిన్నాడు. మర్నాడు వెతికేసరికి యోహాను ఒళ్లు చల్లబడి చాలా సేపయింది. సుసన్నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ తర్వాత ఆమె జీవితంలో దేవుణ్ని నమ్మింది, భర్తను నమ్మింది, మరిచిపోయి ఇంటికి పోయి ఉంటాడులే అనే మాటను మాత్రం ఎన్నడూ నమ్మలేదు.

ఆమె భర్త యిర్మియాది గోదావరిఖనిలో దీపాల గదిలోనే పని. ఆ విషయం తెలిసే చేసుకుంది. పెళ్లిచూపుల్లో ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "బోర్డు మీద బిళ్ళ మిగిలితే ఏం జేస్తవ్?" అంది. "దొరికేదాక ఇంటికి రాను," అన్నాడతను. సంబంధం ఖాయమైంది.

పాల సెంటరులో చేరిన రెండో నెలలో ఆమె అతని చేత అరవై బిళ్ళలు చేయించింది. సంఘం పంపిన వంటనూనె డబ్బాలు కత్తిరించి, అంచులు రుద్ది, మేకుతో నంబర్లు కొట్టిచ్చాడు యిర్మియా. డబ్బాల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది, దేశాల స్నేహానికి గుర్తుగా. ముక్కలు చేసేసరికి ఆ స్నేహం కొన్ని బిళ్ళలకు వేళ్లుగా, కొన్నిటికి మణికట్టుగా పంచుకుపోయింది. ముప్పై ఏడో నంబరుకు ఒట్టి బొటనవేలు వచ్చింది.

పద్ధతి గనిదే. పొద్దున అన్ని బిళ్ళలూ మేకులకు ఉంటాయి. పిల్ల వచ్చి పాలు తాగితే ఆ నంబరు తీసి డబ్బాలో వేస్తారు. ఎనిమిదిన్నరకు మేకుకు మిగిలిన బిళ్ళ ఎవరిదో వాళ్లు రాలేదన్న మాట. గుండిగ హబీబున్నీసాకు వదిలేసి, గిన్నెలో పాలు పట్టుకుని, సుసన్నా ఆ ఇంటికి నడిచేది. జ్వరమో, విరేచనాలో, తల్లి కూలికి పోయి పిల్లను కట్టేసి పోయిందో చూసి, తాగించి, తిట్టవలసిన వాళ్లను తిట్టి వచ్చేది. ఆ నడకలో ఎంతమంది పిల్లలు బతికి బట్టకట్టారో ఏ రిపోర్టులోనూ లేదు.

రిపోర్టులో ఉన్నది వేరు. మత్తయి గారు పదకొండు గంటలకు బోర్డు చూసి, వేలాడుతున్న బిళ్ళలు లెక్కపెట్టి, హాజరు అని రాసుకునేవారు. కచేరీలో పెరిగిన మనిషి. ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు. బొగ్గు ఊళ్లో కాపురం పెట్టి బొగ్గుబావి వైపు తొంగి కూడా చూడలేదు కాబట్టి, వేలాడే బిళ్ళ అంటే రాని మనిషి అని ఆయనకు తట్టలేదు. పాలు కలిపే ఆడదాన్ని అడగడం ఆయన హోదాకు కుదరదు. గోదావరిఖనిలో ఉంటూ ఆ సంగతి తెలియని మనిషి ఉంటాడని సుసన్నాకూ తట్టలేదు. తూర్పు ఎటో ఎవరికైనా చెప్తామా?

దాంతో వింత జరిగింది. వానాకాలంలో విరేచనాలు పట్టుకుని పిల్లలు సగం మంది మంచాన పడితే, బోర్డు నిండా బిళ్ళలు వేలాడేవి. హాజరు బ్రహ్మాండం అని మత్తయి గారు రాసేవారు. సముద్రం అవతల నుంచి అభినందన వచ్చేది. 1969లో తట్టు పాకి ఎనిమిది మంది పిల్లలు పోయిన నెలలో, జిల్లాలోకెల్లా మేలైన సెంటరని ఆయనకు గోడ గడియారం బహుమతిగా పంపారు. అది ఆయన ఇంట్లో హాల్లో పెట్టుకున్నారు. సరైన టైమే చూపించేదట.

తర్వాత రోజులు తిరగబడ్డాయి. సుసన్నా తిరిగి తిరిగి తల్లులకు నచ్చజెప్పిన కొద్దీ పిల్లలు రావడం ఎక్కువైంది, బోర్డు మీద బిళ్ళలు తగ్గాయి. పదిహేను, పది, ఆరు. హైదరాబాదు నుంచి మందలింపు వచ్చింది. మత్తయి గారు ఆమెను పిలిపించారు.

"సుసన్నమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు? హాజరు పడిపోతోంది. పై వాళ్లకు జవాబు చెప్పలేక చస్తున్నాను. ఇల్లిల్లూ తిరుగు, పిల్లల్ని పోగుచెయ్యి."

"తిరుగుతనే ఉన్న గద సార్."

"ఇంకా తిరుగు."

ఆమె ఇంకా తిరిగింది. బోర్డు ఇంకా ఖాళీ అయింది. మత్తయి గారికి రక్తపోటు వచ్చింది.

1973లో ముప్పై ఏడో బిళ్ళ ఓదెమ్మది. కాలనీ దాటాక ఉన్న గుడిసెల్లో సారలమ్మ అని బొగ్గు లోడింగు కూలీ ఉండేది. ఆమెకు మొదటి బిడ్డ ఆర్నెల్లకు పోయాడు, రెండోది తొమ్మిది నెలలకు పోయింది. ఓదెమ్మ మూడోది. రెండేళ్లు నిండినా లేచి నిలబడలేదు. తట్టు తగిలి లేచిందన్న మాటే గాని ఒంట్లో పిడికెడు కండ లేదు. తల్లికి పాలు లేవు, ఇంట్లో గంజి తప్ప మరొకటి లేదు. సుసన్నా ఆ పిల్లకు పొద్దున సెంటరులో ఒక గ్లాసు, మధ్యాహ్నం గుడిసెకు తీసుకెళ్లి ఒక గ్లాసు పట్టేది. రెండు నెలలకు పిల్ల మెడ నిలబెట్టింది. మూడో నెలలో గ్లాసు కోసం చెయ్యి చాచింది. ఆ రోజు సుసన్నా ఇంటికొచ్చి యిర్మియాతో చెబుతూ ఏడ్చేసింది.

"సారలమ్మ నా కాళ్లు మొక్కింది. నాకేం మొక్కుతవ్ అన్న. ఈ ఒక్కటి దక్కాలె, గంతే."

"దక్కుతది. పాలైతే ఉన్నయ్ గద," అన్నాడు యిర్మియా.

అదే నెలలో సముద్రం అవతల నుంచి ఒక దొరసాని వస్తుందని కబురు వచ్చింది. హాజరు పడిపోయిన సెంటరును ఉంచాలా, తీసెయ్యాలా తేల్చడానికి. మత్తయి గారు గోడలకు సున్నం కొట్టించారు, ఈసారి ఒట్టి సున్నమే. సుసన్నా తను చేయగలిగింది తను చేసింది. ముందు రోజు సాయంత్రం అరవై ఇళ్లూ తిరిగి, రేపు ఒక్క పిల్ల తప్పినా ఊరుకోనని చెప్పి వచ్చింది. తెల్లారి అందరూ వచ్చారు. జ్వరం పిల్లలను తల్లులు చంకనేసుకుని వచ్చారు. ఓదెమ్మ గ్లాసు ఖాళీ చేసింది. ఆరేళ్లలో మొదటిసారి బోర్డు మీద ఒక్క బిళ్ళ లేదు.

"అరె అక్కా, ఖాళీ బోర్డు జూస్తే దొరసాని ఖుష్ అయితది," అంది హబీబున్నీసా.

దొరసాని రామగుండం కరెంటు వాళ్ల గెస్టుహౌసులో దిగింది. అక్కడ ఇంజనీర్ల భార్యలు గుడ్లూ బ్రెడ్డూ పెట్టి కబుర్లు చెబితే జీపు కదిలేసరికి పదిన్నర. సెంటరు చేరేసరికి పదకొండు దాటింది. పిల్లలు లేరు, గ్లాసులు బోర్లించి ఉన్నాయి, బోర్డు బోసిగా ఉంది. ఆమె ముఖం మాడిపోయింది. మత్తయి గారి ముఖం అంతకంటే మాడింది.

"ఏమిటిది? ఇవాళ కూడా ఒక్క పిల్ల రాలేదా?" అన్నారు పళ్ల బిగువున.

సుసన్నాకు నవ్వొచ్చింది. "అదేంది సార్, బోర్డు ఖాళీ అయిందంటే అందరు వచ్చినట్లు గద. రాని పోరల బిళ్ళలే మేకుకు ఉంటయ్. బాయి మీద గట్లనే గద."

మత్తయి గారు ఆమెను చూశారు, బోర్డును చూశారు. ఆరేళ్ల రిపోర్టులు, అభినందనలు, గోడ గడియారం అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. తర్వాత దొరసాని వైపు తిరిగి ఇంగ్లీషులో చాలా సేపు మాట్లాడారు. ఆమె ముఖం మెల్లగా విప్పారింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. వచ్చి సుసన్నా చెయ్యి పట్టుకుని ఊపింది. సార్ అంతా వివరంగా చెప్పారనుకుని సుసన్నా పొంగిపోయింది.

ఆయన చెప్పింది వారం తిరక్కుండా తెలిసింది. గోదావరిఖనిలో పిల్లల ఆకలి తీరిపోయిందట. ఏటేటా హాజరు తగ్గుతూ రావడం అందుకేనట. ఇవాళ ఒక్కరికీ పాలు అవసరం లేదట. సెంటరు గొప్పగా సఫలమై మూతపడుతోందట. మిగిలిన నలభై సంచులు ఆకలి ఇంకా మిగిలి ఉన్న వేరే జిల్లాకు పోతాయట. గదికి తాళం వేసి, దాని మీద లక్క సీలు కూడా వేశారు.

సుసన్నా మత్తయి గారి ఇంటికి పోయింది. గడియారం కింద నిలబడి అడిగింది.

"సార్, గా ఓదెమ్మ బతకది. సెంటరు మూసుకుంటే మూసుకోండ్రి. ఒక్క సంచి ఇయ్యిండ్రి."

"సంచుల లెక్క పైకి పంపేశాను. ఒకటి తగ్గితే నా మాట పోతుంది."

"మీరు జెప్పింది తప్పని ఒక ఉత్తరం రాస్తే అయిపాయె గద."

"ఆరేళ్లుగా తప్పు రాశానని ఇప్పుడు రాయమంటావా?" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. అంత పెద్ద మాట ఎవరైనా ఎలా అడుగుతారని.

తొమ్మిది రోజులు గడిచాయి. హబీబున్నీసా ఇంట్లో మేక ఇచ్చే గ్లాసెడు పాలు ఓదెమ్మకు పోశారు. మేక మూడో రోజే ఒట్టిపోయింది. సుసన్నా తన ఇంట్లో చాయ్ మానేసి ఆ పాలు తీసుకెళ్లింది. అవి చాలవు. పిల్ల మెడ మళ్లీ వాలింది. గ్లాసు ముందు పెట్టినా చెయ్యి చాచడం లేదు.

పదో రోజు సాయంత్రం వీడ్కోలు సభ. క్లబ్బు ముందు షామియానా వేశారు. దొరసాని మళ్లీ వచ్చింది, మత్తయి గారికి వెండి రంగు షీల్డు వచ్చింది. జనం లేకపోతే బాగుండదని, మొదటి షిఫ్టు దిగినవాళ్లకు బూందీ పొట్లాలు ఇస్తామని చాటింపు వేయించారు. రెండు వందల మంది కార్మికులు మసి ముఖాలతోనే వచ్చి కూర్చున్నారు. సుసన్నాకు శాలువా కప్పుతామని పిలిచారు. ఆమె మధ్యాహ్నమంతా సారలమ్మ గుడిసెలో కూర్చుని, అక్కడి నుంచి సెంటరుకు పోయి, తాళం వేసేటప్పుడు బయట పడేసిన బోర్డు భుజానికెత్తుకుని వచ్చింది.

వేదిక మీద అందరూ మాట్లాడారు. ఆకలి మీద గెలుపు అన్నారు. ప్రపంచానికి ఆదర్శం అన్నారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మత్తయి గారు పెద్ద మనసుతో మైకు ఆమె ముందుకు జరిపారు.

సుసన్నా మైకు ముట్టుకోలేదు. బోర్డును బల్ల మీద నిలబెట్టి, జనం వైపు తిప్పింది. అరవై మేకులూ ఖాళీగా ఉన్నాయి. కొంగు ముడి విప్పి ముప్పై ఏడో బిళ్ళ తీసి, దాని మేకుకు తగిలించింది. ఒట్టి బొటనవేలు బొమ్మ ఉన్న నూనె డబ్బా ముక్క.

"అన్నలారా, షిఫ్టు అయిపోయిందంటున్నరు. ఈ బిళ్ళ ఇంకా మేకు దిగలే," అంది.

ఆ రెండు వందల మందిలో ఆ బోర్డు భాష రానివాడు లేడు. తండ్రి బిళ్ళకో అన్న బిళ్ళకో దీపాల గది ముందు నిలబడని ఇల్లు లేదు. ముందు యిర్మియా లేచాడు. పక్కన కూర్చున్న కార్మికుడు పోశం లేచాడు. తర్వాత వరసలు వరసలుగా అందరూ లేచి నిలబడ్డారు. బూందీ పొట్లాలు కుర్చీల మీదే ఉండిపోయాయి.

దొరసాని మనసు కరిగిపోయింది. తన సంఘానికి ఇంత మంది లేచి నిలబడి కృతజ్ఞత చెబుతారని ఆమె అనుకోలేదు. ఆమె కూడా లేచి చప్పట్లు కొట్టింది. హైదరాబాదు నుంచి వచ్చిన చిన్న పెద్దలూ కొట్టారు. మత్తయి గారొక్కరే కొట్టలేదు. ఆయనకు ఆ బోర్డు చదవడం ఈ మధ్యనే వచ్చింది.

"ఎవల పిల్ల?" అన్నాడు పోశం.

"సారలమ్మ బిడ్డ. గుడిసెల్ల ఉన్నది. కండ్లు తెరుస్తలేదు," అంది సుసన్నా.

యాభై మంది గుడిసెల వైపు పోయారు. ఓదెమ్మను ఎత్తుకుని, తల్లిని వెంటబెట్టుకుని దవాఖానకు నడిచారు. అంత మంది మసిబట్టలతో వరండాలో నిలబడితే డాక్టరు కంపెనీ చీటీ సంగతి తర్వాత చూద్దామని పిల్లను లోపలికి తీసుకున్నాడు. మిగతా వాళ్లు వేదిక ముందే నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. యిర్మియా పైకెక్కి మత్తయి గారి ముందు చెయ్యి చాచాడు.

"తాళంచెయ్యి సార్."

మత్తయి గారు దొరసాని వైపు చూశారు. ఆమె ఇంకా చప్పట్లు కొడుతోంది. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు. తర్వాత పైకి రాసిన ఉత్తరంలో, కృతజ్ఞతతో కన్నీరు కార్చిన ప్రజలకు సంఘం తరఫున నలభై సంచులు వీడ్కోలు కానుకగా పంచామని రాశారట. దానికీ అభినందన వచ్చింది.

ఆ సంచులతో సెంటరు మళ్లీ తెరుచుకుంది. సంఘం లేదు, జీతం లేదు. సుసన్నా, హబీబున్నీసా పొయ్యి వెలిగించారు. షిఫ్టు దిగినవాళ్లు వంతుల వారీగా బొగ్గు తెచ్చి పడేసేవారు. ముప్పై ఏడో బిళ్ళ మాత్రం రోజూ మేకుకే మిగిలేది. రోజూ ఎనిమిదిన్నరకు సుసన్నా దవాఖానకు నడిచి, పిల్లను చూసి వచ్చేది.

ఇరవై రెండో రోజు సారలమ్మ ఓదెమ్మను చంకనేసుకుని సెంటరుకు వచ్చింది. పిల్ల గ్లాసు చూసి చెయ్యి చాచింది. తాగింది. మూతికి అంటిన పాలు సుసన్నా కొంగుతో తుడిచి, బోర్డు దగ్గరికి పోయి బిళ్ళ తీసి డబ్బాలో వేసింది. ఆమె తండ్రి బిళ్ళ తీయడానికి ఎవరూ లేకపోయారు. దీన్ని తీయడానికి తనుంది.

పదకొండు గంటలకు మత్తయి గారు అటుగా పోతూ, అలవాటు కొద్దీ గుమ్మంలోంచి గోడ వైపు చూశారు. బోర్డు మీద ఒక్క బిళ్ళ లేదు. ఆయన పాత లెక్క ప్రకారమైతే ఆ రోజు హాజరు సున్నా.